నిమిషాల ముందు సున్నా

మల్లికది నల్లగొండ. ఫ్యాక్టరీ మిషన్ల వేడిని కొలిచే పెట్టెలు తయారుచేసే చిన్న కంపెనీలో, ఆ పెట్టెలను కంప్యూటరుతో కలిపే డ్రైవర్ కోడ్ చూసుకునేది. నలభై తొమ్మిది రోజులకోసారి పెట్టెలోని గడియారం అంకె నిండిపోయి మళ్లీ సున్నాకు పడిపోతోంది. దాన్ని సరిచేయమన్నారు.

రెండు రోజుల్లో సరిచేసింది. పరీక్ష కోసం మేళ్లచెరువు దగ్గరి ఒక సిమెంటు ఫ్యాక్టరీలో పెట్టిన తమ పెట్టె పాత రికార్డులు తిరగేస్తుంటే మరో తప్పు కంటబడింది. నిమిషాలు పదికి తక్కువైతే ముందు సున్నా పడడం లేదు. 9:01 ఉండాల్సిన చోట 9:1 అని ఉంది. కోడ్‌లో రెండక్షరాల పని, చేసేసింది.

కానీ ఆ రికార్డు వెనకే మూడేళ్ల కిందటి విచారణ కాగితం ఉంది. అలారం 8:58కి మోగిందట, ఆపరేటర్ నరసింహ మిషన్‌ను 9:10కి గానీ ఆపలేదట. ఆ పన్నెండు నిమిషాల నిర్లక్ష్యం వల్లే మంటలు లేచి దశరథ్ అనే కార్మికుడు చనిపోయాడని రాసి, నరసింహను పనిలోంచి తీసేశారు.

పెట్టె రికార్డులో మిషన్ ఆగిన సమయం 9:1. దాన్నే 9:10 అని చదివేశారు. మల్లిక మేనేజర్ దామోదర్ దగ్గరకు వెళ్లి చెప్పింది.

“పాతయి తవ్వకు మల్లికా. ఇగ ముందు సున్నా పడితె సాలు,” అన్నాడాయన.

ఆదివారం బస్సెక్కి మేళ్లచెరువు పోయింది. నరసింహ మేకలకు తుమ్మకాయలు పోస్తున్నాడు. అంతా విని తలెత్తకుండానే అన్నాడు:

“మొదట్ల మస్తు కొట్లాడిన బిడ్డా. అలారం ఇనంగనే ఉరికిన అని చెప్పిన. మిషన్ అబద్ధమాడదన్నరు. అందరు గదే మాట అనంగ అనంగ నా యాదే మారిపాయె. ఇప్పుడు కండ్లు మూస్తే, నేను కూసోని సూస్తున్నట్టే కనపడ్తది.”

“కాదు కాకా, నువ్వు మూడు నిమిషాలకే ఆపినవ్. ఇగో, సూడు,” అంటూ మల్లిక రికార్డు కాగితం చాపింది.

“దశరథ్ పెండ్లాం నా మొకం మీద ఉమ్మింది. తుడుసుకోలె. నాది తప్పు కాదంటె, గా ఉమ్మి ఎటు వోతది?”

అతని భార్య ప్రమీలమ్మ ఆ కాగితం అందుకుంది. చదువు రాకపోయినా చాలాసేపు చూసింది.

“గిది సూపిస్తె మల్ల పనిలకు పిలుస్తరా బిడ్డా?”

మల్లిక ఫ్యాక్టరీకి మూడు ఉత్తరాలు రాసింది. నాలుగు నెలలకు జవాబొచ్చింది: విచారణ ముగిసింది, ఆ పెట్టెను తుక్కు కింద అమ్మేశాం.

ఆ మాట చెప్పడానికి ఫోన్ చేస్తే ప్రమీలమ్మ ఎత్తింది.

“మీ కాక నీ కాగితం పొయిల ఏసిండమ్మా. తిండి గూడ సక్కగ తింటలేడు. జర మమ్ముల ఇడిసిపెట్టు.”

మల్లిక ఏదో అనబోయేలోపే ప్రమీలమ్మ ఫోన్ పెట్టేసింది.