చున్నీ నిండా గుండుసూదులు

రండమ్మా, మీ ఇంటి శుభకార్యం పనులు కాసేపాగుతాయిలెండి, ఆ చాప ఇటు లాక్కుని దగ్గరగా కూర్చోండి, నా తెలివి ఎంతటిదో చెబుతాను. ఆ రోజుల్లో మా రేపల్లెలో విమానమంటే డాబా ఎక్కి తలెత్తి చూసేదే తప్ప ఎక్కేది కాదు. నాకప్పుడు పంతొమ్మిదేళ్ళు. చదువు ఐదుతో ఆగింది కనుక తెనాలిలో ఒక టైలరక్క దగ్గర హుక్కులు కుడుతుండేదాన్ని. బాపట్ల వాళ్ళమ్మాయికి బెంగుళూరులో పెళ్ళి. మేం కుట్టిన జాకెట్లన్నీ బిగుతయ్యాయని (కొలతలు తీసింది నేనేలెండి) ఆ పిల్ల ఏడ్చి, వచ్చి వదులు చెయ్యమని మా ఇద్దరికీ విమానం టికెట్లు పంపింది. ముహూర్తం మేం విమానమెక్కే రోజు సాయంత్రమే. "ఈ విమానం తప్పిందా, నువ్విక కొట్టు మెట్టెక్కొద్దు," అంది అక్క.

విమానాశ్రయంలో ఆడవాళ్ళను తెర లోపలికి పిలిచి ఒక్కొక్కరినే తనిఖీ చేస్తున్నారు. కానిస్టేబులమ్మ చేతి యంత్రం నా మీద పెట్టగానే కుయ్యిమంది. "ఏముందమ్మా?" "ఏం లేదండి." మళ్ళీ కుయ్. అప్పుడు వెలిగింది నాకు! కుట్టేటప్పుడు చేతికందుతాయని గుండుసూదులన్నీ చున్నీ అంచుకే గుచ్చుకోవడం నా అలవాటు. ఆ చున్నీతోనే వచ్చేశాను (ఉన్నదే అదొకటి). ఒకటి తీస్తే కుయ్, రెండోది తీస్తే కుయ్.

"ఇంకెన్నున్నాయమ్మా?"

"లెక్కెట్టలేదండీ!"

తెర బయట నుంచి ఒక పట్టుచీర పెద్దావిడ అరిచింది. "ఆ పల్లెటూరి పిల్లని పక్కన నిలబెట్టండి, మా ఫ్లైటుకి టైమైపోతోంది!"

"వాళ్ళదీ అదే ఫ్లైటండి. వరసలో తనే ముందుంది," అంది కానిస్టేబులమ్మ. నా వైపు తిరిగి, "కంగారుపడకమ్మా, మెల్లగా తియ్యి," అంది. పద్నాలుగు తీశాక యంత్రం నోరు మూసుకుంది.

తరవాత పెద్దావిడ వంతు. నేనింకా తెర పక్కనే చున్నీ సర్దుకుంటున్నాను, సందులోంచి కనిపిస్తూనే ఉంది. యంత్రం ఆవిడ కొప్పు దగ్గర కూసింది. కొప్పు విప్పితే సగం సవరమే! "తెర సరిగ్గా వెయ్యమ్మా," అని ఆవిడ గొంతు చిన్నబోయింది. "వేశానండి, ఎవరూ చూడరు. కంగారుపడకండి." నాతో మాట్లాడిన మెత్తటి గొంతే.

ఆవిడ సవరం కొంగు చాటున పట్టుకుని, కళ్ళనీళ్ళతో బయటికొచ్చింది. అదే సమయానికి మా విమానానికి ఆఖరి పిలుపు. అక్క నా రెక్క పట్టుకు లాగింది. "మనకెందుకే, నడువ్!"

"ఒక్క నిమిషం అక్కా," అని ఆవిడ చేతిలోని పిన్నులందుకుని సవరం పెట్టి, కొప్పు చుట్టేశాను. నా ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. ముగ్గురం పరుగో పరుగు. తలుపు మూయబోతుండగా ఎక్కాం.

పెళ్ళికూతురు పీటల మీదికి వెళ్ళే ముందు ఆఖరి జాకెట్టు వదులు చేసిచ్చాం. చేతులు కడుక్కుంటూ అక్క నా వైపు చూడకుండానే, "సోమవారం తొందరగా రావే, పనుంది," అంది. ఆ మాటకే వెక్కివెక్కి ఏడ్చాను. ఆనాటి ఆ పంతొమ్మిదేళ్ళ నేను ఇప్పుడెదురైతే దగ్గరకు తీసుకుని, ముక్కు తుడిచి, మంచి చున్నీ ఒకటి కొనిపెట్టాలనిపిస్తుంది.

మీ గుమ్మానికి కట్టిన తోరణం వాడేలోపే మీ ఇంట మరో శుభకార్యం రావాలి తల్లీ!