నల్ల పీతల నాగకుమారి

నాగకుమారికి భయం లేదు, మొహమాటం అంతకన్నా లేదు. ఆమె యానాం నుంచి పుదుచ్చేరి కాలేజీకి వచ్చేనాటికి ఫ్రెంచి జెండా దిగిపోయింది గానీ, కాగితాల మీద బదిలీ ఇంకా తేలలేదు. పాఠాలూ అలాగే సగం ఫ్రెంచి, సగం ఇంగ్లీషు. జీవశాస్త్రం పిల్లలు పుస్తకంలో కప్పను చూసి కప్పను గీసి పాసైపోయేవాళ్లు.

ఆ వేసవిలో మాత్రం, వైట్ టౌన్‌లోని పరిశోధనశాలలో ఒక్క విద్యార్థికి చోటుందన్నారు లెక్చరర్ వరదరాజులు. ఏదైనా జీవిని స్వయంగా గమనించి, ఏం తేలిందో చెప్పాలి. బాగా చెప్పినవాళ్లదే ఆ చోటు. అది తనదేనని నాగకుమారి అప్పుడే అనేసుకుంది.

అరియాంకుప్పం ఏటి ఒడ్డున మునియన్ మండపీతలు పట్టేవాడు. ఒక్కోదాన్నీ నొక్కి చూసి, ఇది "నల్ల నండు", ఇది "తణ్ణి నండు" అంటూ రెండు బుట్టల్లో వేసేవాడు. నండంటే పీత, తణ్ణి అంటే నీళ్లు, ఆ మాత్రం అరవం ఆమెకు వచ్చేసింది. నల్ల అంటే ఒకరు చెప్పాలా? ఇవి రెండు జాతులని తేల్చేసి, రెండు బుట్టల్లోంచీ కొన్ని కొని కాలేజీకి పట్టుకెళ్లి ఆ మాటే చెప్పింది.

వరదరాజులు పీతను అటూ ఇటూ తిప్పారు. "నలుపు యాడుందమ్మా? రెండూ ఒకే రంగు గదా!"

"పట్టినాయనే నల్ల నండు అన్నాడండి."

ఆయన కళ్లజోడు తీసి మరీ నవ్వారు. తాతల నాటి నుంచి ఈ ఊళ్లోనే ఉన్న తెలుగింటి మనిషి. "అరవంలో నల్ల అంటే మంచిదని తల్లీ! రేపెవురన్నా నిన్ను నల్ల పిల్ల అంటే కొట్లాడబాకు."

ఆ చోటు మీదే కన్నేసిన పట్టాభిరామన్ వెనక నుంచి "రెండు జాతులంట!" అని కిసుక్కుమన్నాడు.

ఇంకొకరైతే ఏడ్చుకుంటూ హాస్టల్‌కి పోయేవాళ్లు. నాగకుమారి కత్తెర అందుకుంది. "సరేనండి, ఇది మంచిది. మరి రెండోది ఎందుకు మంచిది కాదు?" అంటూ అక్కడికక్కడే రెండు రకాల్లోనూ ఒక్కోటి కోసింది. మంచిదాంట్లో కండ బిగిసి ఉంది. రెండోదాని డిప్ప మెత్తన, లోపలంతా నీళ్లే.

"జాతి ఒకటేనండి. ఇది పాత డిప్ప వదిలేసి కొత్తది తొడుక్కుంది, ఇంకా కండ పట్టలేదు. ఎన్నాళ్లకు పడుతుందో పెంచి చూస్తాను. తొట్టెలు కావాలి."

"తప్పు చెప్పి తొట్టెలడుగుతావేంది?"

"తప్పు తెలిసింది కాబట్టే అడుగుతున్నానండి. లేకపోతే బుట్టలు చూసి ఊరుకునేదాన్ని."

వరదరాజులు పట్టాభిరామన్ వైపు తిరిగారు. "నువ్వేం తేల్చినావు నాయనా?"

"పుస్తకంలో ఉన్నదంతా రాశాను సార్."

"అది పుస్తకమే తేల్చింది గదా." ఆయన కళ్లజోడు పెట్టుకున్నారు. "అమ్మా, తొట్టెలు కడిగిస్తా. సోమవారం రా."

"రేపే వస్తానండి. మిగతా పీతలు సోమవారం దాకా బతకవు."