రాజమండ్రి గ్రాంటుకి కొట్టు తాండ్ర పట్టుకెళ్ళాం

ఊరికే డబ్బిస్తామంటే నమ్మే రకం కాదు నేను. మా వదిన రత్నం తణుకు పక్క పల్లెలో మామిడి తాండ్ర చేసి అమ్ముతుంది. చాప మీద రోజుకొక పూత రసం పోసి ఎండబెట్టాలి. నిరుడు అకాల వానకి చాపలన్నీ పాడయ్యాయి. మళ్ళీ అలాగే అయితే పని మానేస్తానంది. ఆడవాళ్ళ వ్యాపారాలకి ఒక సంస్థ తిరిగి కట్టక్కర్లేని గ్రాంటు ఇస్తోందని తెలిసి, షెడ్డు వేసుకోవచ్చు కదా, పోయేదేముందని నేనే దరఖాస్తు పెట్టాను. తయారీ విధానం రాసుకుని, సరుకు నమూనాతో రాజమండ్రి రమ్మని మెసేజ్ వచ్చింది. అప్పుడు పట్టుకుంది అనుమానం. అన్నీ తెలుసుకుని రేపు వాళ్ళే తయారుచేస్తే? వదిన వద్దంటున్నా వినకుండా విధానం పైపైన రాసి, బజారులో ప్యాకెట్ తాండ్ర కొని, లేబులు పీకి మా డబ్బాలో సర్దాను.

ఉదయం ఏడింటికి తణుకులో ఎక్స్‌ప్రెస్ ఎక్కాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్ళకి ఛార్జీ లేదు. కండక్టరిచ్చిన సున్నా టికెట్టుని వదిన అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఊరికే తీసుకెళ్తే వీళ్ళకేంటంట?"

"నన్నడుగుతారేంటమ్మా, కూర్చోండి" అన్నాడాయన.

సిద్ధాంతం వంతెన, రావులపాలెం, జొన్నాడ వంతెన దాటి తొమ్మిదికల్లా రాజమండ్రిలో దిగాం. ఆటో ఎక్కి హాలు పేరు చెప్పగానే డ్రైవరు నవ్వాడు. "గ్రాంటుకేనాండీ? నిన్నట్నుంచి చాలామందిని దింపానండి. నవ్వుతూ బయటికొచ్చినోళ్ళని మాత్రం చూళ్ళేదు." నేను చెప్పలేదా అన్నట్టు వదిన వైపు చూశాను.

లోపల బల్ల వెనక ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్న పెద్దావిడ మా తాండ్ర ముక్క కోసి, అంచుని కిటికీ వెలుతురుకి పెట్టి చూసింది.

"ఇది మీరు చేసిందేనా అమ్మా? పొరలేవీ? ఇది అచ్చులో ఒకేసారి పోసిన సరుకు."

నాకు తల కొట్టేసినట్టయింది. "నేనే మార్చానండి. విధానం తీసేసుకుంటారేమోనని..." అన్నాను. ఆవిడ ఫైలు మూయబోతుంటే వదిన భోజనం క్యారేజీ విప్పి తాండ్ర ముక్క తీసింది.

"పెరుగన్నంలోకి తెచ్చుకున్నానండి. ఇది నాదే."

ఆవిడ ఆ ముక్క అంచు మీద గోరుతో పొరలు లెక్కపెట్టింది. "ఇరవై మూడా?"

"ఇరవై నాలుగండి. ఆఖరిది పల్చగా పోస్తాను."

ఆవిడ నా వైపు తిరిగింది. "విధానం రాసిచ్చినా, ఈ ఇరవై నాలుగు రోజుల ఎండ ఎవరు ఎత్తుకుపోతారమ్మా?" సరుకు నచ్చింది గానీ, నమూనా మార్చిన సంగతి రాయక తప్పదని, వానాకాలం వెళ్ళాక తర్వాతి విడతలో పిలుస్తామని చెప్పింది.

తిరుగు బస్సులో వదిన క్యారేజీ విప్పి, మిగిలిన తాండ్రలో సగం నాకు పెట్టింది. తిట్టినా బాగుండేదనిపించింది. ఆ సంస్థ మీద నా అనుమానం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. తర్వాతి విడత నిజంగా ఉందో లేదో ఎవరికి తెలుసు? కానీ ఆ రోజు ఆ గదిలో మోసం చేసింది నేనొక్కదాన్నే. మీరూ ఇలాంటి ఇంటర్వ్యూకి వెళ్తుంటే ఒక్కటే మాట, ఎంత అనుమానమున్నా మీ చేత్తో చేసిందే పట్టుకెళ్ళండి. మొన్న మళ్ళీ వాన పడింది. ఇద్దరం పరిగెత్తినా సగం చాపలు తడిసిపోయాయి. కొట్టు తాండ్ర డబ్బా మాత్రం అటక మీద భద్రంగా ఉంది.