పిన్నీసుతో పెట్టుకున్న కార్డు

అక్క పోయిందన్న కబురు మంగళవారం పొద్దున పది గంటలకు వచ్చింది. మా అంబులెన్స్ శంషాబాద్ బస్టాండు పక్కన ఎప్పుడూ నిలబడే చోటే ఉంది. నేను వెనక కూర్చుని ముందు రోజు కేసుల కాగితాలు రాసుకుంటున్నాను. డ్రైవర్ ఫోన్ మాట్లాడి, వెనక తలుపు తీసి, "అక్క లేదన్నా ఇగ" అన్నాడు. ఆమెకు క్యాన్సర్ అనీ, ఎనిమిది నెలలుగా సెలవులో ఉందనీ మా అందరికీ తెలుసు. అయినా అతను బండి మెట్టు మీద కూలబడి ఏడ్చాడు. నాకు మొదట వచ్చిన ఆలోచన చెప్పుకోదగ్గది కాదు. నేను పోతే ఇతను ఇట్లా ఏడుస్తాడా అనుకున్నాను.

పద్నాలుగేళ్లు మేమిద్దరం ఒకే బండి మీద టెక్నీషియన్లుగా పనిచేశాం. ఆమెది పగలు డ్యూటీ అయితే నాది రాత్రి, నాది పగలైతే ఆమెది రాత్రి. బండి అప్పజెప్పుకునే పది నిమిషాలే ఒకరి మొహం ఒకరం చూసుకునేది. ఆమెది మైలార్‌దేవ్‌పల్లి, చర్చిలో పాటలు పాడే కుటుంబం. నాది శంషాబాద్ అవతల ఒక ఊరు, కూరగాయలు పండించే ఇల్లు. వయసులో ఆమె పెద్ద. ఉద్యోగంలో నేను ఆరు నెలలు ముందు. ఆ ఆరు నెలలను నేను ఎన్నడూ మరచిపోలేదు. డ్రైవర్లు, దవాఖాన కాంపౌండర్లు, ఎయిర్‌పోర్ట్ క్యాబులవాళ్లు అందరూ ఆమెను అక్కా అనేవాళ్లు. నేను మాత్రం అనలేదు. ఇక్కడ అక్క అని రాస్తున్నాను గానీ, బతికుండగా ఒక్కసారీ ఆ మాట నా నోట రాలేదు. ఆమెకు అది తెలుసు. "ఏంది సీనియరూ, చాయ్ తాగినవా?" అని నవ్వేది.

ఒకసారి తుంటి ఎముక విరిగిన ముసలామెను తీసుకురావడానికి పోయాను. అంతకు ముందు ఎప్పుడో అక్క ఆమెను దవాఖానకు చేర్చిందట. కాలు కదలకుండా పద్ధతిగా కట్టు కట్టాను. నా పనిలో తప్పు లేదు. ముసలామె నా వెనక్కి చూస్తూ, "ఆ అక్క రాలేదా బిడ్డా?" అని అడిగింది.

"నేను వచ్చిన కదా అవ్వా."

"నువ్వైతే వచ్చినవ్ లే. ఆమైతే ముందుగాల చెప్పి పట్టుకుంటది."

నేను చెప్పకుండానే కాలు పట్టుకున్నాను మరి. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. తరువాత చెప్పి పట్టుకోవడం నేర్చుకున్నాను. ఎవరి దగ్గర నేర్చుకున్నానో మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొత్తగా చేరినవాళ్లను అధికారులు ఆమె దగ్గరికే పంపేవాళ్లు. సీనియర్‌ని నేనుండగా ఆమె దగ్గరికెందుకని కడుపు మండేది. కాగితాలు సర్దుతున్నట్టు అక్కడే తచ్చాడుతూ ఆమె ఏం చెబుతుందో వినేవాణ్ణి. అన్నీ చిన్న మాటలే. "తిని రావాలె. ఆకలి మీదున్నోడికి చెయ్యి వణుకుతది" అనేది. బెంగళూరు రోడ్డు మీద దిగినప్పుడు ముందు పేషెంటును కాదు, వెనక నుంచి వచ్చే లారీని చూడమనేది. "నువ్వు పడితే ఇద్దరికీ ఇంకో బండి కావాలె." ఇంట్లోకి పోతే గడప దగ్గర ఒక్క ఊపిరి సేపు ఆగి, "మొదలు చూసింది ఎవరు?" అని అడగాలి. ఏడ్చేవాళ్లను కాదు, చూసినవాళ్లను పట్టుకోవాలి. ఇంటివాళ్లతో "ఏం కాదు" అనకూడదు. "దవాఖానకు తీస్కపోతున్నం, పక్కనే కూసుంట" అంటే చాలు. నాడి, బీపీ, టైము తెల్ల ప్లాస్టర్ ముక్క మీద రాసి ప్యాంటుకు తొడ మీద అతికించుకునేది. దవాఖానలో దాన్ని పీకి కేసు కాగితానికి అంటించి ఇచ్చేది. మనిషి దక్కని రోజున ముందు బండి కడగమనేది. "ఏడుపు యాడికి పోదు. బండికి మాత్రం ఇంకో కాల్ వస్తది."

అన్నిటికన్నా గట్టిగా చెప్పేది సిలిండర్ సంగతి. బండిలో ఉన్న ఆక్సిజన్ సిలిండర్లు అన్నిటికీ ఒకటే ఇనుప చాబీ. డ్యూటీ ఎక్కగానే ఆ చాబీతో సిలిండర్ తెరిచి, మీటరు ముల్లు ఎక్కడుందో కంటితో చూడాలి. ముందున్నవాడు నిండుగా ఉందని రాసినా నమ్మకూడదు. ఆ మాట అన్నప్పుడు నా వైపు చూసేది కాదు. అయినా నాకు తగిలేది.

ఒక పొద్దున నేను బండి అప్పజెప్పే సమయానికే కాల్ వచ్చింది. ఆమె ఏదీ చూసుకునే వీలు లేక ఎక్కీ ఎక్కగానే వెళ్లిపోయింది. నేను ఇంటికి పోయి ప్యాంటు విప్పుతుంటే జేబులో నుంచి చాబీ మంచం మీద పడింది. వెంటనే ఫోన్ తీశాను. నంబరు నొక్కబోయి ఆగాను. అన్నీ తెలిసిన మనిషి కదా, ఏం చేస్తుందో చూద్దాం అనుకున్నాను. అంతలో నా ఫోనే మోగింది. ఆమెదే. మోగినంతసేపు చూస్తూ కూర్చున్నాను.

కాల్ వచ్చింది ఒక గోదాము నుంచి. మూటలు మోసే మనిషికి ఉబ్బసం, ఊపిరి అందడం లేదు. నేను ఫోన్ ఎత్తకపోయేసరికి అక్క అతన్ని నిటారుగా కూర్చోబెట్టి, ఇన్‌హేలర్ మందు పీల్పించి, రోడ్డు పక్కన వెల్డింగ్ దుకాణం ముందు బండి ఆపించిందట. వెల్డింగ్ చేసేవాళ్లూ ఆక్సిజన్ సిలిండర్లే వాడతారు, వాళ్ల దగ్గరా అట్లాంటి చాబీయే ఉంటుంది. అది అడిగి తెచ్చి ఆక్సిజన్ పెట్టింది. అతను బతికాడు. ఆ దుకాణం సంగతి ఆమెకు తట్టింది. నాకైతే తట్టేది కాదు. తప్పు చేసిన ఆ రోజున కూడా నాకు అదే మండింది.

సాయంత్రం డ్యూటీకి పోయి చాబీ ఆమె చేతిలో పెట్టాను.

"ఎప్పుడు చూసినవ్?"

"ఇప్పుడే. వస్తుంటే జేబుల దొరికింది."

ఆమె నా మొహం వంక కాసేపు చూసింది. "ఫోన్ ఎత్తకపోతే పండుకున్నవనుకున్న" అంది. నేను తల ఊపాను. అంతే. ఆమె పైవాళ్లకు చెప్పలేదు, తోటివాళ్లకు చెప్పలేదు. మెడలోని గుర్తింపు కార్డు తీసి, దాని నీలం తాడును కత్తెరతో కత్తిరించి, చాబీని సిలిండర్ మెడకు మూడు ముళ్లు వేసి కట్టింది. కార్డును చొక్కాకు పిన్నీసుతో గుచ్చుకుంది. ఆ తరువాత తొమ్మిదేళ్లు అట్లాగే పెట్టుకుంది. తాడు ఏదని అధికారులు కోప్పడితే "తెగింది సార్" అనేది. కొత్త తాడు ఇస్తే దానితో ఇంకో చాబీని బండిలోని చిన్న సిలిండర్‌కు కట్టింది.

ఆమె పోయిన మరునాడు సమాధుల తోటకు పది బండ్లవాళ్లు వచ్చారు. సగం మంది ఆమె దగ్గర నేర్చుకున్నవాళ్లే. వాళ్లందరి కార్డులు చొక్కాలకు పిన్నీసులతో ఉన్నాయి. పహాడీ షరీఫ్ బండి మీద చేసే అమ్మాయి కళ్లు తుడుచుకుంటూ, "అన్నా, అక్క గిట్ల ఎందుకు పెట్టుకునేదో మీకెరుకనా? వంగితే కార్డు పేషెంట్ మొహానికి తగులుతదని అనుకున్నం మేమైతే" అంది.

"గంతే కావచ్చు" అన్నాను. చాబీ విషయంలో అది నా రెండో అబద్ధం.

తరువాతి సోమవారం కొత్తగా చేరిన పదకొండు మందికి పని చెప్పమని అధికారి నన్ను పిలిచాడు. పద్నాలుగేళ్లు నేను కోరుకున్న చోటు అది. నిలబడ్డాను. తిని రండి అనీ, లారీలను చూడండి అనీ ఆమె మాటలు నా మాటల్లా మొదలుపెట్టాను. వాళ్లు రాసుకుంటున్నారు. ఆగి, ఇవి నావి కావని చెప్పాను. తరువాత చాబీ సంగతి చెప్పాను. మోగిన ఫోన్ సంగతి కూడా.

వెనక ఉన్న ఒకతను అడిగాడు. "మరి ఆమె మీ మీద పైన చెప్పలేదా సార్?"

"చెప్పలే."

"ఎందుకని?"

"ఎరుక లేదు. నేనైతే చెప్పేటోణ్ణి."

తరువాత అందరినీ బండి దగ్గరికి తీసుకుపోయాను. ఒక్కొక్కరిచేత సిలిండర్ తెరిపించి ముల్లు చూపించాను. ఆఖరి అతను వాల్వు మూసి చాబీ వదిలేశాడు. తొమ్మిదేళ్ల చేతుల జిడ్డుకు నల్లబడిన తాడు చివర అది కాసేపు ఊగింది. సిలిండర్‌కు రెండుసార్లు తగిలి ఆగింది.