నుదురు లేదన్న మెమో

2023 వేసవి. అనంతపురం కోర్టు వీధిలో, జిరాక్స్ షాపు పక్క గదిలో కూర్చుని ఇంగ్లిష్ కాగితాలను తెలుగులోకి, తెలుగు అర్జీలను ఇంగ్లిష్‌లోకి మార్చే పని అప్పుడే మొదలుపెట్టాను. నా బాబుకు ఎనిమిది నెలలు. వాణ్ని అమ్మ దగ్గర వదిలి వచ్చి, గంటకోసారి ఫోన్ చేసేదాన్ని.

ఒకరోజు పామిడి నుంచి హసీనా వచ్చింది. బట్టల ఫ్యాక్టరీలో టైలర్. చంకలో పాప, చేతిలో షోకాజ్ మెమో. అంటే, నిన్ను పనిలోంచి ఎందుకు తీసెయ్యకూడదో చెప్పమని యాజమాన్యం ఇచ్చే కాగితం. మూడు రోజుల్లో ఇంగ్లిష్‌లోనే జవాబివ్వాలి.

జరిగింది ఇది. ఆడవాళ్లు పనిచేసేటప్పుడు పిల్లల్ని ఉంచే క్రెష్ గదిలో అట్టపెట్టెలు నింపి తాళం వేశారు. పాపను చూసుకునే మనిషి దొరకని రోజున హసీనా నేరుగా మేనేజర్ గదిలోకి వెళ్లి, ఆయన సోఫా మీద పాపను పడుకోబెట్టి, “లేస్తే పిలువు సార్” అని చెప్పి మిషన్ ముందు కూర్చుంది. మెమోలో దాన్ని ‘ఎఫ్రాంటరీ’ అన్నారు.

ఆ మాటకు అర్థం ఆమె మొహం మీద చెప్పడానికి నాకు నోరు రాలేదు. “చొరవ తీసుకున్నావంట,” అన్నాను.

“చొరవకు పని పీకుతారా అక్కా? ఉన్నదున్నట్టు చెప్పు.”

నిఘంటువు తెరిచాను. “సిగ్గులేని తెగింపు అని. లాటిన్ నుంచి ఫ్రెంచి మీదుగా ఇంగ్లిష్‌లోకి వచ్చిన మాట. మూలంలో ‘నుదురు లేకపోవడం’. సిగ్గుతో ఎర్రబడడానికి నుదురే లేదని.”

హసీనా దుపట్టాతో మొహం తుడుచుకుంది. “నాకు నుదురు లేదంటనా? మరి ఈ చెమట యాడ్నుంచి కారతాండాది? రాయక్కా. నాకు నుదురుండాది. మీ మిషన్ల లైన్లో దినామూ చెమట కార్చేది అదే. సిగ్గుపడేంత తప్పు నేను చేయలేదు. క్రెష్ తాళం తీయండి, మీ సోఫా మీకే ఉంటాది.”

“చివర్లో క్షమించమని ఒక ముక్క రాద్దాం,” అన్నాను. “లేకపోతే పని పోతుందేమో.”

“రాసేది నువ్వు, సంతకం నాది. వద్దు.”

ఒక్క మాట మార్చకుండా రాసిచ్చాను.

వారం తిరక్కముందే ఫోన్ చేసింది. “అక్కా, పని పోలేదు! అట్టపెట్టెలు బయటికి మోస్తాండారు. దగ్గరుండి మోయించేది ఎవరనుకున్నావు? ఆ మేనేజరే!”

కటువైన మాటను మెత్తబరచడం దయ అనుకునేదాన్ని. అది నా భయమని హసీనా దగ్గర తెలుసుకున్నాను. ఆ తర్వాత ఎన్నో కాగితాలు రాశాను. నేను రాసిన ఇంగ్లిష్‌లో నా బాబు పెద్దయ్యాక చదవాలని నేను కోరుకునేది మాత్రం, నా పేరు ఎక్కడా లేని ఆ ఒక్క జవాబే.