గట్టు దిగని డీజిల్ వ్యాను

ఈ రోజు మా అల్లుడు చేపల బేరానికి పాత డీజిల్ వ్యాను కొంటానంటే గుడివాడ వెళ్లాను. ఆడదానికి బండి సంగతేం తెలుసని బండ్లమ్మే బ్రోకరూ, అక్కడున్నవాళ్లూ నవ్వారు. గట్టు దిగుతుండగా గేరు జారి, లారీ కాలవలో పడి మా పెద్దబ్బాయి పోయి ఏడాదయింది. పళ్లరిగిన గేరు చదును రోడ్డు మీద బుద్ధిగా ఉంటుందని, పల్లంలోనే జారుతుందని వాడే చెప్పేవాడు.

రోడ్డు మీద వ్యాను బాగానే నడిచింది. తోలుతున్న అల్లుడు మురిసిపోయాడు.

“కాలవ గట్టెక్కించి దింపు బాబూ. దిగేటప్పుడు గేరు రాడ్డు ముట్టుకోకు” అన్నాను.

“మన వైపు కొండలున్నాయా పిన్నిగారూ?” అని బ్రోకరు నవ్వాడు.

“గట్లున్నాయిగా!”

సగం దిగేసరికి గేరు దానంతటదే ఊడి, రాడ్డు న్యూట్రల్‌లోకి వచ్చేసింది. బండి జర్రున జారింది. అల్లుడు బ్రేకు తొక్కాడు.

“చేత్తో అదిమి పట్టుకుంటే ఏం కాదండీ” అన్నాడు బ్రోకరు.

“మా వాడూ అదిమి పట్టుకునే తోలేవాడు నాయనా.”

అల్లుడు బండి తాళాలు బ్రోకరు చేతిలో పెట్టేశాడు.

బస్సులో అల్లుడు మొహం ముడుచుకునే కూర్చున్నాడు. కూర్చోనీ, పక్కనే ఉన్నాడుగా. మీ ఎరుకలో మంచి వ్యాను ఉంటే చెప్పండి. గట్టు నేను చూపిస్తాను.