కంద గెలిచిన రోజు

మొన్న జూబ్లీహిల్స్‌లోని మా హోటల్ వంటగదిలో పచ్చి ఆవముద్ద ఘాటు ముక్కుపుటాలకు తగిలి కళ్ళు చెమర్చాయి. అందులో ఆవాల తప్పు కొంతే. మిగతాదంతా రత్నమ్మగారిది.

రత్నమ్మగారిది భీమవరం వైపు. ఫిల్మ్‌నగర్‌లో అద్దె ఇంట్లో ఉంటూ షూటింగులకూ విందులకూ వంటలు చేసి పంపేవారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాకే పొయ్యి వెలిగించేవారు, నోటికి మాత్రం ఏ రోజూ సెలవు లేదు. నేను ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగాను. ఆమె దగ్గర పనిలో చేరేదాకా కంద రుచి ఎరగను. మట్టి కొట్టుకుని ఉండే ఆ దుంపను రైతుబజారులో ఓ మూల పడేసేవారు. "మా వైపు కందబచ్చలి లేకపోతే పెళ్ళివారు అలుగుతారు. ఇక్కడ దీని మొహం చూసే దిక్కులేదు," అని ఉడుక్కునేవారు ఆవిడ.

ఒకసారి ఓ నిర్మాత ఇంటి పెళ్ళి వంటలు మాకు దొరికేలా ఉన్నాయి. ముందు ఒక పూట భోజనం రుచి చూపించాలి. కంద పేరు వినగానే వాళ్ళ మేనేజరు యాదగిరి చేతులు అడ్డంగా ఊపాడు.

"గా దురద గడ్డ వద్దమ్మా! పోయినసారి ఎవలో వండిండ్రు, తిన్నోళ్ళందరు గొంతులు పట్టుకున్నరు."

"కందకు లేని దురద కత్తిపీటకెందుకండీ? తినేది వాళ్ళు కదా!" అని రత్నమ్మగారు నా వైపు తిరిగారు. "సబితా, రేపు కంద నువ్వే వండాలి."

గొంతు దురద పెట్టిందంటే ఆ పెళ్ళి మాకు రాదు. మర్నాడు చేతులకు నూనె రాసుకుని చెక్కు తీశాను. చింతపండు పులుసులో ముక్కలు ఉడికించి, బచ్చలి కలిపి, దించాక ఆవ పెట్టాను.

అందరూ కూర్చున్నాక రత్నమ్మగారు వడ్డన ఆపించారు. "మాకొక పద్ధతుందండీ. కంద వండినవాళ్ళే మొదటి ముద్ద తినాలి, అందరి ముందూ."

ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అందరి కళ్ళూ నా గొంతు మీదే.

"ఏం పిల్లా, దురదగా ఉందా?" అని నిర్మాతగారి తల్లి అడిగింది.

"లేదమ్మా. ఇంకో ముద్ద తింటా."

ఆవిడ ఫక్కున నవ్వి విస్తరి ముందుకు జరిపింది. కాసేపటికి గిన్నె ఖాళీ అయింది. చివరికి యాదగిరి కూడా, "జర నాకు గూడ వెయ్యి," అన్నాడు. పెళ్ళి మాదే అయింది!

తిరుగు దారిలో వ్యానులో అడిగాను. "మీరే వండితే నాకు గీ భయం ఉండకపోతుండె కదా?"

"నేను వండితే కంద ఒక్కటే గెలిచేది," అన్నారు రత్నమ్మగారు.

ఆవిడ ఇప్పుడు లేరు. కంద మాత్రం ఈ జూబ్లీహిల్స్ కొండంతా ఎక్కేసింది, కబాబై, చిప్సై, వ్యాయామం చేసే హీరోల పళ్ళెంలో ముక్కలై. మా వంటగదిలో కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ ఒకరోజు కంద అప్పగిస్తాను. వాళ్ళు మొదటి ముద్ద భయంగా మింగి, నెమ్మదిగా తల పైకెత్తుతారు. చప్పట్లు కొట్టేది ముందు నేనే.